తెల్ల టేపు

(కోనసీమలో నాలుగెకరాల కొబ్బరితోట. రేకుల షెడ్డు ముందు 27 హెచ్‌పీ మినీ ట్రాక్టరు. దాని మూతికి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న లోడరు, అంటే ఎరువూ మట్టీ ఎత్తే తొట్టీ, దాన్ని మోసే చేతులూ. ట్రాక్టరు కింద ఆయన కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మూడు రోజులుగా ఇంటికొచ్చిన వాళ్ళందరూ ఆ కాళ్ళతోనే మాట్లాడి వెళ్తున్నారు.)

ఆవిడ: ఏమండీ, వంటింట్లో కొళాయికి చుట్టడానికి తెల్ల టేపు తెప్పించాను. కనబడట్లేదు. మీరేమైనా చూశారా?

ఆయన: ఏ టేపు?

ఆవిడ: టెఫ్లాన్ టేపు. మూడు నెలల నుంచి ఆ కొళాయి చుక్కా చుక్కా కారుతోంది. రాత్రుళ్ళు ఆ చుక్కలు లెక్కపెట్టుకుంటూ పడుకుంటున్నా.

ఆయన: ఇక్కడ ఇంత పనిలో ఉంటే నీ కొళాయి గోలేంటే! పక్కకి జరుగు, స్టార్ట్ చేస్తున్నా. లివరు ఇలా వెనక్కి లాగితే తొట్టి లేస్తుంది, చూడు.

(లాగాడు. తొట్టి నేలకి ఆనుకుని నొక్కింది. ట్రాక్టరు ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేచాయి.)

ఆవిడ: లేచింది. తొట్టి కాదు, ట్రాక్టరు.

ఆయన: రెండు హోసులు తారుమారయ్యాయి, అంతే. తొట్టిని ఎత్తే జాక్‌లోకి కింది నుంచి వెళ్ళాల్సిన ఆయిలు పైనుంచి వెళ్తోంది.

ఆవిడ: మార్చండి మరి.

ఆయన: ఎందుకూ? ముందుకి తోస్తే లేస్తుందని గుర్తు పెట్టుకుంటే సరిపోదూ?

ఆవిడ: స్నానాలగదిలో వేడినీళ్ళ కొళాయి కుడివైపు బిగించినప్పుడు కూడా ఇదే మాటన్నారు. మా అన్నయ్య వీపు కాలింది.

ఆయన: సరే, మారుస్తా. ఆ పానా ఇలా ఇవ్వు.

ఆవిడ: ముందు తొట్టి నేల మీద పెట్టి ఇంజను ఆపండి. ఆపాక లివర్లు అటూ ఇటూ నాలుగుసార్లు ఆడించండి. లేకపోతే హోసుల్లో ప్రెషరు ఉండిపోతుందట.

ఆయన: నీకెవరు చెప్పారు?

ఆవిడ: షాపతను చెప్పాడు. మీరు స్పీకర్ పెట్టుకుని మాట్లాడారుగా. ఎదురింటి వాళ్ళు కూడా ఇప్పుడు లోడరు బిగించేయగలరు.

(హోసులు మారాయి. ఈసారి తొట్టే లేచింది. మోకాళ్ళ నొప్పులున్నవాడు మేడ మెట్లెక్కినట్టు, ఆగి ఆగి.)

ఆయన: గాలి పట్టింది. ఓ పదిసార్లు చివరిదాకా ఎత్తి దింపితే పోతుంది. నాలుగు జాక్‌లూ తాగేశాయి కదా, ఆయిలు లెవెలు కూడా తగ్గింది. ఇంకా పొయ్యాలి.

ఆవిడ: ఎంత?

ఆయన: ఐదు లీటర్లు.

ఆవిడ: నేనడిగింది లీటర్లు కాదు.

(జవాబు లేదు. ట్రాక్టరు మోతలో వినబడలేదని అనుకుందాం.)

ఆవిడ: ఆ లివర్ల కింది వాల్వు వెనకాల ఆవిరిలా ఏదో లేస్తోంది.

ఆయన: ఎక్కడా? (చెయ్యి చాపాడు.)

ఆవిడ: చెయ్యి తియ్యండి!

ఆయన: చుక్క ఆయిలుకి ఇంత కేకా!

ఆవిడ: ఇది మన కొళాయి చుక్క కాదు. సూదిమొనంత సందులోంచి అంత ప్రెషరుతో కొడితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినట్టే ఉంటుందిట. వెంటనే ఆపరేషన్ చేయించుకోకపోతే వేలే తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఉండండి, తెస్తాను.

(తెచ్చింది.)

ఆయన: ఇది... ఆత్రేయపురం పూతరేకుల డబ్బా కదూ?

ఆవిడ: అదే. బీరువా పైన, మీ పాత పంచెల వెనకాల దొరికింది. ఖాళీగా. పోయిన నెల షుగరు 210 ఎలా వచ్చిందా అని డాక్టరు ముందు తెగ ఆశ్చర్యపోయారే, బహుశా ఆ వారందే.

ఆయన: ఇంజను ఆపెయ్యనా?

ఆవిడ: నడవనివ్వండి. (దూరంగా నిలబడి అట్ట అడ్డం పెట్టింది. దాని మీద సన్నటి నూనె గీత పడింది.) ఇదిగో, వాల్వు వెనక రెండో జాయింటు. మీరు దాచినా డబ్బా దాచలేదు.

ఆయన: నేను చూసుకుంటాలే. నువ్వెళ్ళి అన్నం వడ్డించు.

(మర్నాడు పొద్దున. కారడం ఆగింది. ఆయన మీసం మెలేస్తున్నాడు. తొట్టి నిండా పశువుల ఎరువు.)

ఆయన: ఇవాళ చూడవే దీని బలం! ఒక్కో జాక్ లోపల 50 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే దాదాపు 20 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 140 కిలోల ప్రెషరు వేసుకో. ఒక్క జాకే రెండున్నర టన్నుల పైన తోస్తుంది. నాలుగింట్లో ఎత్తేవి రెండు జాక్‌లు! లెక్క నువ్వే చూసుకో.

(లివరు లాగాడు. తొట్టి జానెడు లేచి ఆగిపోయింది.)

ఆవిడ: లెక్క చూసుకున్నాను. పేడే లేవట్లేదు.

ఆయన: చేతులు పొడుగు కదా, తొట్టి దగ్గరికొచ్చేసరికి బలం తగ్గుతుంది. అది సైన్సు.

ఆవిడ: నిన్న కూడా చేతులు అంతే పొడుగున్నాయి. ఇవే నాలుగు గంపల ఎరువు, తలెత్తు దాకా లేచింది.

(ఆయన దిగి బోనెట్ తెరిచాడు. ఏం అర్థం కానప్పుడు మగవాళ్ళు బోనెట్ ఎందుకు తెరుస్తారో నాకిప్పటికీ తెలియదు. ఈ జబ్బుకీ బోనెట్‌కీ ఏ సంబంధమూ లేదు.)

ఆవిడ: ఒక్క మాట. నిన్న చివరిదాకా ఎత్తి లివరు పట్టుకునుంటే ఇంజను మూలిగింది, వాల్వు దగ్గర కీచుమని అరిచింది. ఇవాళ మూలుగూ లేదు, అరుపూ లేదు.

ఆయన: అది రిలీఫ్ వాల్వు. ప్రెషరు హద్దు దాటితే తెరుచుకుని ఆయిలుని ట్యాంకులోకి వదిలేస్తుంది, అందుకే అరుస్తుంది. ఇవాళ అరవట్లేదంటే... (ఆగాడు.) హద్దు దాకా రాకముందే వదిలేస్తోంది.

ఆవిడ: తలుపు సందులో ఏదో ఇరుక్కుందన్నమాట. నిన్న సాయంత్రం నేను లోపలికెళ్ళాక ఆ జాయింటుకి ఏం చేశారు?

ఆయన: బిగించాను.

ఆవిడ: దేంతో?

ఆయన: పానాతో.

ఆవిడ: దేంతో, ఏమండీ?

(రిలీఫ్ వాల్వు మూత విప్పాడు. స్ప్రింగు వచ్చింది. దాని వెనకాల చిన్న ముల్లు లాంటి ముక్క. ఆ ముక్కకి అతుక్కుని, తడిసిన అటుకులా, తెల్లగా ఏదో.)

ఆవిడ: నా టేపు!

ఆయన: కారుతోంది కదా అని...

ఆవిడ: హైడ్రాలిక్‌కి టేపు చుట్టొద్దని షాపతను రెండుసార్లు చెప్పాడు. తునకలు ఊడి ఆయిలుతో తిరిగి వాల్వులో ఇరుక్కుంటాయని. మధ్యలో రబ్బరున్న ఉంగరాలేవో ఇచ్చాడుగా, అవేవీ?

ఆయన: డౌటీ వాషర్లు. చొక్కా జేబులో ఉన్నాయి.

ఆవిడ: పేరులోనే డౌటు పెట్టుకున్నాయి పాపం, మీరు నమ్మలేదు.

(వాషరు పడింది. తునక పోయింది. తొట్టి లేచింది, ఆయన మెడ కూడా లేచింది. ఎరువు దింపేసి, చెరువుగట్టున తడి మట్టి నింపుకుని, తొట్టి తలెత్తున పెట్టుకుని ఊరేగింపులా వస్తున్నాడు. కొబ్బరిచెట్టు అడ్డమొచ్చి బ్రేకు తొక్కాడు.)

ఆవిడ: వెనక చక్రాలు! లేస్తున్నాయి! తొట్టి కిందికి దింపండి!

ఆయన: (దింపి, చెమట తుడుచుకుని) ఏం కాలేదు. నేను చూసుకుంటూనే ఉన్నా.

ఆవిడ: మీరు చూసింది ఆకాశం. రేవు దాటించే పంటు పడవ మీద బరువంతా ఒక కొసకే ఎక్కిస్తారా ఎక్కడైనా? బరువుతో వచ్చేటప్పుడు తొట్టి నేలకి దగ్గరగా ఉండాలి, వెనకాల ఎదురు బరువుండాలి. షెడ్డులో రెండొందల కిలోల పైన రోటవేటరు ఊరికే పడుంది, తగిలించండి.

(తగిలించాడు. వెనక లిఫ్టు లివరు ఎత్తాడు. రోటవేటరు కదల్లేదు. ఇంకోసారి. ఊహూఁ.)

ఆయన: అయిపోయింది. లిఫ్టు పోయింది! పదేళ్ళుగా కిమ్మనకుండా పనిచేసిన లిఫ్టు!

ఆవిడ: లోడరుతో పాటు ఒక కాగితం ఇచ్చారు కదా?

ఆయన: పారేశాను. అన్నీ బొమ్మలే.

ఆవిడ: నేను తీసి ఆవకాయ జాడీ కింద వేశాను. (పట్టుకొచ్చింది. కాగితం ఎర్రగా, ఘాటుగా ఉంది.) పంపు నుంచి లోపలికొకటి. ట్యాంకులోకి ఇంకొకటి. ఇక్కడ మూడో దారి ఉంది. పేరు మీద నూనె పడింది కానీ, బాణం గుర్తు వెనక లిఫ్టు వైపే చూపిస్తోంది.

ఆయన: మూడోదానికి బిరడా బిగించేశాను. అనవసరం అనుకున్నా.

ఆవిడ: కాలవ నీళ్ళన్నీ మన బోదెలోకి మళ్ళించి, మిగిలింది మురుక్కాలవలోకి వదిలి, శివారు చేనుకి అడ్డుకట్ట వేశారు. ఆ చేను ఎండదూ?

(ఆయన చాలాసేపు కాగితం చూశాడు. షాపుకి ఫోన్ చేశాడు. ఈసారి స్పీకర్ పెట్టలేదు.)

ఆయన: దానికి స్లీవు అని వేరే ముక్క కావాలట. రాజమండ్రి నుంచి రేపు బస్సులో వేస్తాడు. ఈ పూటకింక పనేం లేదు.

ఆవిడ: ఉంది. కొళాయి.

ఆయన: కొళాయికి టేపు కావాలి కదా.

ఆవిడ: పెద్ద చుట్టే తెప్పించాను. మిగిలింది ఇవ్వండి.

ఆయన: దీనికి పద్నాలుగు జాయింట్లు ఉన్నాయే.

ఆవిడ: పద్నాలుగింటికీ చుట్టారా?

ఆయన: రెండేసి వరసలు.

(ఆవిడ కొంగు ముడి విప్పింది. వాల్వులోంచి తీసిన తునక. గోరంత.)

ఆవిడ: ఇదిగో. రండి వంటింట్లోకి.