ఎర్రగా లేని ఎర్ర గౌనుకు ఒక బహిరంగ లేఖ

కుమారి ఎర్ర గౌను గారికి,
ఒలింపస్ బాల్ హాలు, న్యూ ఆర్లీన్స్.

నమస్కారం. 'కుమారి' అని రాయాలంటేనే కాస్త భయమేసింది. మీ ఊళ్లో పెళ్లికాని అమ్మాయిలు ఆ బాల్ డాన్సుకి తెల్లబట్టల్లోనే రావాలట. లేకపోతే వంశాల పరువు గంగలో, మీ లెక్కన మిసిసిపీలో, కలిసిపోతుందట.

1938లో వార్నర్ బ్రదర్స్ వాళ్లు తీసిన మీ 'జెజెబెల్' సినిమా మొన్న మళ్లీ చూశాను. ఇదివరకు చూసినప్పుడు హీరోయిన్ బెట్టీ డేవిస్ కళ్లు తప్ప ఇంకేమీ కనపడలేదు. ఈసారి మిమ్మల్నే చూస్తూ కూర్చున్నాను. తీరా చూస్తే మీరు ఎర్రగా లేరు. సినిమా బ్లాక్ అండ్ వైట్ కాబట్టి ఉండే అవకాశమూ లేదు. కాస్ట్యూమ్ డిజైనర్ ఓరీ-కెల్లీ కుట్టించిన అసలు గౌను కూడా ఎరుపు కాదని, ఇటుకరంగో కంచురంగో అని చెబుతారు. నిజం ఎరుపైతే కెమెరాకి సరిగ్గా ఆనదట. అంటే మీకు ఎరుపు పులిమింది రంగులద్దేవాడు కాదు, హాల్లో నిలబడి మిమ్మల్ని చూసి ముక్కున వేలేసుకున్న ఆ పెద్దమనుషులు. వాళ్ల మొహాలు చూసే కదా మాకూ మీరు ఎర్రగా కనిపించింది!

మా తెలుగువాళ్లకి ఈ కథలో మొదటి చిక్కు ఇక్కడే. మా వైపు పండక్కి ఎర్రచీర కట్టుకొస్తే 'లక్ష్మీదేవిలా ఉన్నావే' అంటారు. మధుపర్కాల సంగతి వేరు గానీ, ఆడపిల్లలందరూ ఒంటి మీద రంగన్నదే లేకుండా తెల్లగా వస్తే, ఎవరింట్లో ఏం జరిగిందోనని మా బామ్మలు కంగారుపడతారు. కాబట్టి మీ బాల్ సీన్ వాళ్లకి చూపించి, తప్పు చేసినవాళ్లెవరో చెప్పమంటే ఏం చెబుతారో నేను హామీ ఇవ్వలేను.

సరే, మీ మీద మోపిన నేరం సంగతికొద్దాం. 1852. జూలీకి (అదే, బెట్టీ డేవిస్ పాత్రకి) కాబోయే మొగుడు ప్రెస్టన్ బ్యాంకులో మీటింగులో ఉన్నాడు. గౌను చూడ్డానికి దర్జీ దగ్గరికి తోడు రమ్మంటే పనుందన్నాడు. ఆవిడకి ఒళ్లు మండింది. ఊళ్లో పేరు చెడిన ఎవరో ఆవిడ కోసం కుట్టిన మిమ్మల్ని ఏరికోరి తీసుకుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. దుత్త పాత్ర మీది. పాపం, దుత్తకి పగలడం ఒక్కటే శిక్ష. మీకు ఊరంతా కలిసి విచారణ జరిపింది.

ఆ విచారణ మాత్రం, ఒప్పుకోవాలి, అద్భుతంగా తీశాడు విలియం వైలర్. స్క్రిప్టులో నాలుగు ముక్కలున్న బాల్‌ని రోజుల తరబడి తీశాడని డేవిస్ తర్వాత చెప్పుకుంది. ప్రెస్టన్ వేషం వేసిన హెన్రీ ఫోండా చేతిలో ఆవిడ నడుము. చుట్టూ జంటలు ఒక్కొక్కటిగా పక్కకి తప్పుకుంటాయి. అంటుకుంటే మరక పడుతుందేమోనన్నట్టు తెల్ల గౌన్లు దూరం జరుగుతాయి. కాసేపటికి అంత పెద్ద హాల్లో మధ్యన మీరొక్కరే. వచ్చేటప్పుడు జూలీ మొహంలో ఉన్న పొగరు మెల్లగా దిగిపోతుంది. ఇంటికి తీసుకుపొమ్మంటుంది. ఆయన తీసుకెళ్లడు. బ్యాండు ఆగితే, వాయించమని వాళ్లకి చెబుతాడు. రమ్మంటే దర్జీ దగ్గరికి రానివాడు, పోదామంటే హాల్లోంచి కదలడు! ఆవిడకి బుద్ధి చెప్పడమయ్యాక ఇంటి దగ్గర దింపేసి, చెంపదెబ్బ ఒకటి పుచ్చుకుని, నిశ్చితార్థం తెంపుకుని ఉత్తరాదికి వెళ్లిపోతాడు. (ఫోండా షూటింగులోనూ అదే పని చేశాడు. 1937 డిసెంబరులో కూతురు జేన్ పుట్టే టైముకి సెట్టు వదిలి వెళ్లిపోతే, డేవిస్ కొన్ని క్లోజప్‌లు ఎదురుగా ఆయన లేకుండానే చేసింది. ఆస్కార్ మాత్రం ఆవిడకే వచ్చింది.)

ఇక్కడే మీ ఊరివాళ్ల కంటిచూపుని మెచ్చుకోవాలి. ఒక అమ్మాయి ఏ రంగు బట్ట కట్టిందో హాలు ఈ మూల నుంచి ఆ మూలకి పసిగట్టారు. చెవి దగ్గర గుయ్యిమనే దోమ మాత్రం కనపడలేదు. ప్రెస్టన్ మురుగు గురించి, జ్వరాల గురించి నెత్తీనోరూ కొట్టుకుని చెబితే నవ్వారు. 1853 వేసవిలో ఎల్లో ఫీవర్‌తో ఆ ఊళ్లో నిజంగానే ఎనిమిది వేలమంది దాకా పోయారు. గాలి శుభ్రమవుతుందని వీధుల్లో తారు కాల్చారు, ఫిరంగులు పేల్చారు. దోమ మీద ఫిరంగి! దోమే కారణమని క్యూబాలో కార్లోస్ ఫిన్లే చెప్పింది 1881లో, వాల్టర్ రీడ్ బృందం రుజువు చేసింది 1900లో. గౌను మీద తీర్పు ఒక్క వాల్ట్జ్ డాన్సులో వచ్చేసింది.

దోమంటే చిన్నది, కనపడలేదనుకుందాం. మనుషులో? ఆ రోజుల్లో అమెరికాలో బానిసల్ని అమ్మే సంతల్లో అతి పెద్దది మీ ఊరే. మిమ్మల్ని కొన్న డబ్బు ఏ పత్తిచేలో, ఎవరి వీపు మీద పండిందో ఆ హాల్లో ఒక్కరూ అడగలేదు. సినిమా కూడా అడగలేదు. ఒక సీన్లో ప్రెస్టన్ ఉదారంగా ముసలి బానిస కేటోకి తనతో పాటు తాగమని గ్లాసు ఇవ్వబోతాడు. కేటో ఆయన ముందు తాగడం పద్ధతి కాదని, వంటసామాన్ల గదిలోకి పోయి తాగుతానంటాడు. అది మర్యాదస్తుడి మర్యాదగా చెల్లిపోతుంది. ఇంకో రాత్రి జూలీ మెట్ల మీద తెల్ల గౌనులో కూర్చుంటే, చుట్టూ బానిసల పిల్లలు చేరి పాడతారు. ఆ తెల్ల గౌనుని చూసి ఎవరూ వెనక్కి జరగలేదు. ఎంత పవిత్రంగా ఉందో!

చివరికి, ఉత్తరాది నుంచి పెళ్లి చేసుకుని తిరిగొచ్చిన ప్రెస్టన్‌కి జ్వరమొస్తుంది. జూలీ అతని భార్య ఎమీని బతిమాలి, రోగుల దీవికి అతనితో పాటు బండెక్కుతుంది. కాగడాలు, శవాల్లాంటి మనుషులు, మాక్స్ స్టైనర్ సంగీతం. నాకూ కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు? కానీ ముక్కు తుడుచుకుంటూ ఒక లెక్క వేశాను. గౌను వేసుకున్న పాపానికి ప్రాయశ్చిత్తం చావుబండి ఎక్కడం. మరి ఆ గౌనుకి ఇస్త్రీ చేసినవాళ్లని కొనుక్కున్న పాపానికి? ఆ కాలమ్ ఖాళీగా ఉంది.

ఇంతకీ ఈ ఉత్తరం రాయడానికి ఇంకో కారణం, మీ చెల్లెలు, అంటే ఇంకో ఎర్ర గౌను సంగతి. మరుసటి ఏడు 1939లో 'గాన్ విత్ ద విండ్'లో ఆవిడ టెక్నికలర్‌లో, అంటే రంగుల సినిమాలో, పుట్టింది. నిజం ఎరుపు, అనుమానమే అక్కర్లేదు. మీ ఇద్దరికీ ఎర్నెస్ట్ హాలరే కెమెరా పట్టాడు, స్టైనరే సంగీతం ఇచ్చాడు. అక్కడ మొగుడు రెట్ తనే ఆ గౌను తీసి, వేసుకోమని పెళ్లాన్ని హుకుం చేసి, పార్టీ గుమ్మం దాకా తెచ్చి వదిలేసి పోతాడు. ఎప్పుడైనా వార్డ్‌రోబులో ఇద్దరూ ఒకే దండానికి వేలాడితే, మిమ్మల్ని తొడుక్కున్న ఆడవాళ్ల గురించి కాకుండా, తీసుకొచ్చిన మగవాళ్ల గురించి కాస్త మాట్లాడుకుని నాకు జవాబు రాయగలరు.

ఇట్లు,
మీ రంగు ఇప్పటికీ తేల్చుకోలేని
ఒక ప్రేక్షకురాలు