సవరణ: పది మంది అంటే పది మంది ఆడవాళ్లని కాదు

మొన్నటి పోస్టులో తప్పు రాశాను. 10 మంది మహిళా ఉద్యోగులున్న చోటే లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ పెట్టాలన్నాను. కాదు. పనిచేసే చోట లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం ఆడ, మగ కలిపి 10 మంది పనిచేస్తుంటే అంతర్గత కమిటీ ఉండాల్సిందే.

హనుమకొండలో బట్టల షాపులో పనిచేసే ఒకామె "అన్నా, మా దాంట్ల ఆడోళ్లం నలుగురమే, మాకు వర్తించదా?" అని అడిగితే గానీ నేను చట్టం తీసి చూడలేదు. వర్తిస్తుంది చెల్లె. రోజుకూలీలు, కాంట్రాక్టు వాళ్లు, పని నేర్చుకునేవాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. (ఓనర్లు మరిచిపోయేది సరిగ్గా వీళ్లనే!) కమిటీకి అధ్యక్షురాలు మహిళే. సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటివారు ఒకరు ఉండాలి.

10 మంది కంటే తక్కువున్నా, ఫిర్యాదు ఓనర్ మీదే అయినా జిల్లా స్థానిక కమిటీకి పోవాలి. ఇక్కడ మనకో తిరకాసు: 2021 నుంచి హనుమకొండ, వరంగల్ వేర్వేరు జిల్లాలు. కాజీపేట షాపైతే హనుమకొండ కిందికి, వరంగల్ చౌరస్తా షాపైతే వరంగల్ కిందికి వస్తుంది. ఫిర్యాదుకు గడువు ఘటన జరిగిన నాటి నుంచి 3 నెలలు. తగిన కారణముంటే ఇంకో 3 నెలలు పొడిగిస్తారు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. పాత పోస్టులో ఆ తప్పు వాక్యం కొట్టేశాను.