అవార్డు వచ్చేదాకా ఆగాలా?

ఐర్లాండ్ ప్రభుత్వం 2022లో 2,000 మంది కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టిన పథకం గురించి మీ పత్రికలో రాసినందుకు చాలా థాంక్స్. అందులో నాకు బాగా నచ్చింది ఎంపిక చేసిన తీరు. అర్హులైన వాళ్లందరి పేర్లతో లాటరీ తీశారు. ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అనే పోటీ పెట్టలేదు.

మన దగ్గర వరస తిరగబడింది. ముందు పెద్ద అవార్డు రావాలి, అప్పుడుగానీ సర్కారు కళ్లు పడవు. పడినా నిలకడ లేదు. 12 మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం వాయించే మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్నారని పేపర్లో చదివి చాలా బాధపడ్డాను. పద్మశ్రీ అందుకున్న మనిషికే అలా ఉంటే ఒగ్గు కథ చెప్పేవాళ్లు, చిందు యక్షగానం ఆడేవాళ్లు, తోలుబొమ్మలాట కుటుంబాల వాళ్లు ఎవరిని అడగాలి?

నెలవారీ ఆదాయం ఇవ్వడానికి బడ్జెట్ లేదని సర్కారు వాళ్లు అంటారేమో. కనీసం ప్రతి ప్రభుత్వ బడిలో ఏడాదికి రెండు ప్రదర్శనలైనా పెట్టించాలి. రవీంద్రభారతికి వచ్చి చూడలేని పల్లె పిల్లలు వాళ్ల బడి ఆవరణలోనే కూర్చుని చూస్తారు, ఆ తోలుబొమ్మల్ని చేత్తో పట్టుకుంటారు. కళాకారుడికీ అది సాయంలా కాదు, పనికి జీతంలా అందుతుంది. ఆ డబ్బు మాత్రం మధ్యవర్తి లేకుండా, ఆట ముగిసిన వారంలోపే అతని ఖాతాలో పడాలి.