పుస్తకాల సర్వర్‌కు ఇన్ని తిప్పలా?

నేనడిగిందేంది? ఇంట్ల మూలకు పడున్న పాత కంప్యూటర్ల ఈబుక్కులు, ఆడియోబుక్కులు పెట్టాలె. నేను చదువుకోవాలె, నాయిన నల్లగొండ బస్సుల ఇనాలె. గంతే గదా!

ఎవల్నడిగినా తలా ఒక సర్వర్ సాఫ్ట్‌వేర్ పేరు. ఆడియోబుక్‌షెల్ఫ్ అంట. యాడ ఆపినమో ఆడికెల్లే మొదలువెడ్తది, మంచిదే. ఈబుక్కులు గూడ తెరుస్తది గనీ, దాని పానమంత ఆడియో మీదనే. కొమ్గానేమో కామిక్సు కోసం పుట్టింది. కాలిబర్-వెబ్ పెడ్దామంటే ముందుగాల కాలిబర్ (ఈబుక్కులు సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్) డేటాబేస్ ఉండాలెనంట. అంటే ఒకటి పెట్టనీకి ఇంకోటి పెట్టాల్నా?

ఇగ తెలుగు సంగతి అడుగకుండ్రి. కాలిబర్ల తెలుగు పేరు కొడ్తే, డిస్కుల ఫోల్డర్ పేరు ఇంగ్లీషు అక్షరాలల్లకు మారుతది. యాడని దేవులాడాలె? కవర్ బొమ్మ, రచయిత పేరు నెట్‌లకెల్లి దానంతటదే తెస్తదంటరు. మన పుస్తకాలకు తెస్తదా? అన్నీ చేత్తోని కొట్టుడే. పాత పీడీఎఫ్‌లైతే శానా వరకు 'అను' అనే పాత తెలుగు ఫాంట్లల్ల ఉంటయి, అన్ని కంప్యూటర్లు గుర్తువట్టే యూనికోడ్ గాదు. లోపల ఎతికితే ఒక్క మాట దొరుకది. అది సర్వర్ తప్పు గాదు లే, మరి కోపం ఎవరి మీద తీర్చుకోవాలె?

ఇంత జేసినా బయటికెల్లి తెరుచుకోదు. నెట్టోడు ఒక్క పబ్లిక్ ఐపీని (బయటోళ్లకు కనవడే నెట్ అడ్రసును) ఎందరికో పంచుతడు, పోర్ట్ ఫార్వర్డ్ చేసి రౌటర్ల దారి తెరిచినా దండుగే. ఫోన్‌ను, ఇంట్ల కంప్యూటర్‌ను నెట్ మీద కలిపే టెయిల్‌స్కేల్ యాప్ పెట్టుకో అంటరు. అది నాయిన ఫోన్ల ఆన్‌ల ఉన్నదో లేదో రోజూ ఎవరు చూడాలె? గంతల కరెంటు పాయె!

నాయినేమో, "మెమరీ కార్డుల ఎక్కియ్యరాదుర?" అంటుండు.