లాప్‌టాప్ కొంటున్నారా? కింది మూత సంగతి అడగండి

ఎంసెట్ కౌన్సెలింగ్ ముగిసి సీటు ఖాయమైన ఇంట్లో (పేరు ఈఏపీసెట్‌గా మారినా ఇళ్లలో ఇప్పటికీ ఎంసెటే) తర్వాతి చర్చ లాప్‌టాప్ మీదే. డల్లాస్‌లో ఉన్న బావ ఒకటి చెబుతాడు, సీనియర్ ఇంకొకటి చెబుతాడు, షోరూమ్ కుర్రాడు తన టార్గెట్‌ను బట్టి మూడోది చెబుతాడు. ముగ్గురూ అడిగేవి మాత్రం అవే ప్రశ్నలు: ఐ5 ఆ, ఐ7 ఆ? ర్యామ్ ఎంత? గ్రాఫిక్స్ కార్డు ఉందా? షాపింగ్ సైట్‌లో నాలుగు మోడళ్లను పక్కపక్కన పెట్టి 'కంపేర్' నొక్కితే వచ్చే పట్టికలోనూ పైవరుసలో ఉండేవి ఇవే. ఆ పట్టికను రాత్రంతా చదివినా సరైన లాప్‌టాప్ దొరకదని నా వాదన. ఎందుకంటే అందులో ఏ గడులు ఉండాలో అమ్మేవాళ్లే నిర్ణయించారు.

ముందు ఆ గడుల నిజాయితీ ఎంతో చూద్దాం. ఇంటెల్ ఐ7-1255యూ, ఐ5-12500హెచ్ రెండూ 12వ తరం చిప్‌లే. ఐ7 అనగానే పెద్దదనుకుంటాం. కానీ బరువు పని చేసే పెర్ఫార్మెన్స్ కోర్లు ఆ ఐ7లో ఉన్నవి రెండే, ఈ ఐ5లో నాలుగు. మొదటిది 15 వాట్లకు, రెండోది 45 వాట్లకు డిజైన్ చేసినవి. ఎక్కువసేపు సాగే పనిలో 'చిన్న' ఐ5 'పెద్ద' ఐ7ను దాటిపోతుంది. అసలు సంగతి చివరి అక్షరంలో ఉంటే, స్టిక్కర్ మీద మాత్రం ఐ7 అని మాత్రమే మెరుస్తుంది. ఇంటెల్‌కు పోటీగా చిప్‌లు చేసే ఏఎమ్‌డీ ఇంకో అడుగు ముందుకేసింది. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ పేర్లలో తేడా ఒక్క అంకె. మొదటిది 2019 నాటి జెన్ 2 డిజైన్ మీద నాలుగు కోర్ల చిప్, రెండోది జెన్ 3 మీద ఆరు కోర్లు. అదే వరుసలో 7540యూ అంటే జెన్ 4. మూడో అంకెలో డిజైన్ వయసు దాచారు. ఆ పేర్లను ఎలా చదవాలో చెప్పడానికి కంపెనీయే ఒక బొమ్మ గీసి విడుదల చేయాల్సి వచ్చిందంటే ఇక మన షోరూమ్ కుర్రాణ్ని ఏమనగలం?

గ్రాఫిక్స్ కార్డు కథా ఇంతే. ఆర్‌టీఎక్స్ 4050 అనే ఒకే పేరుతో 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఏ స్థాయిలోనైనా పెట్టుకునే వెసులుబాటును లాప్‌టాప్ తయారీదారులకు ఎన్‌విడియా ఇచ్చింది. సన్నటి బాడీలో ఇరికించింది, లావుపాటి గేమింగ్ బాడీలో పెట్టింది ఒకలా పనిచేయవు. పట్టికలో రెండింటికీ ఒకటే టిక్కు. 2024 మే నుంచి కొత్తగా ఏఐ పీసీ అనే హడావిడి మొదలైంది. కోపైలట్ ప్లస్ అని పిలిపించుకోవాలంటే సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ప్రత్యేక ఏఐ భాగం (ఎన్‌పీయూ) ప్రాసెసర్‌లో ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది. మన పిల్లలు వాడే చాట్‌బాట్ పనంతా ఎక్కడో దూరాన సర్వర్లలో జరుగుతుంది. ఆ స్టిక్కర్ కోసం అదనంగా డబ్బు పెట్టొద్దు.

సరే, ఇవన్నీ విడమరిచి తెలుసుకున్నారనుకుందాం. అయినా ప్రశ్న తప్పే. ఫస్టియర్‌లో సీ ప్రోగ్రాములు, పైథాన్, ఇరవై బ్రౌజర్ ట్యాబ్‌లు, ప్రాజెక్ట్ రిపోర్టు. వీటికి ఈమధ్య వచ్చిన ఏ ఐ5 అయినా, రైజెన్ 5 అయినా సరిపోతుంది. మెకానికల్, సివిల్ వాళ్లకు ఒక్క జాగ్రత్త చెప్పాలి. సాలిడ్‌వర్క్స్, రెవిట్ వంటివి విండోస్ కోసం రాసినవి, మ్యాక్ కొని తర్వాత తల పట్టుకోవద్దు. స్నాప్‌డ్రాగన్ చిప్‌తో (ఇది ఇంటెల్, ఏఎమ్‌డీ చిప్‌ల కంటే వేరే రకం) వచ్చే విండోస్ లాప్‌టాప్‌ల విషయంలోనూ మీ సాఫ్ట్‌వేర్ నడుస్తుందో లేదో కనుక్కున్నాకే ముందుకెళ్లండి. అక్కడితో ప్రాసెసర్ చర్చ ముగించేయొచ్చు.

ఇంతకీ లాప్‌టాప్‌లు దేనివల్ల మూలన పడుతున్నాయి? ప్రాసెసర్ నెమ్మదించి పారేసినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. హింజ్ విరిగి స్క్రీన్ ఒరిగిపోయింది. ఛార్జింగ్ పోర్టు లూజయింది. బ్యాటరీ ఉబ్బింది. కీబోర్డు మీద టీ పడింది. ఎండాకాలంలో ఫ్యాన్ నిండా దుమ్ము పేరుకుని బోర్డు వేడెక్కింది. నాలుగేళ్ల బీటెక్‌లో వీటిలో ఒకటో రెండో రావడం ఖాయం. కంపేర్ పట్టికలో వీటికి ఒక్క గడి కూడా లేదు.

ఈ రిపేర్లు అన్ని మోడళ్లలో ఒకేలా ఉండవు. అసలు పోలిక మొదలు కావలసింది ఇక్కడ. ఛార్జింగ్ జాక్‌నే తీసుకోండి. కొన్ని మోడళ్లలో అది చిన్న కేబుల్‌తో విడిగా ఉంటుంది, పోతే పీకి ఇంకోటి పెట్టేస్తారు. కొన్నింట్లో మదర్‌బోర్డుకే టంకం వేసి ఉంటుంది, అది లూజైతే బోర్డే బల్ల మీదికి ఎక్కాలి. కీబోర్డు కొన్నింటిలో స్క్రూలు తీస్తే వచ్చేస్తుంది. చాలా చవక మోడళ్లలో మనం చేతులు ఆనించే పై మూతకు ప్లాస్టిక్ రివెట్లతో అతికించి ఉంటుంది. నాలుగు మీటలు పనిచేయకపోతే పై మూత మొత్తం మార్చమంటారు. చవక మోడళ్లలో హింజ్ స్క్రూలు దిగేది ప్లాస్టిక్‌లో కూర్చిన చిన్న ఇత్తడి గుబ్బల్లోకి. రోజూ తెరిచి మూస్తుంటే ఆ ప్లాస్టిక్ పగులుతుంది, దాంతోపాటు బాడీ విచ్చుకుంటుంది.

అన్నిటికంటే పెద్ద మోసం ర్యామ్‌ది. 8 జీబీ అని రెండు లాప్‌టాప్‌ల మీదా ఉంటుంది. ఒకదానిలో అది స్లాట్‌లో ఉంటుంది, రెండేళ్ల తర్వాత తీసి 16 వేసుకోవచ్చు. రెండోదానిలో ఆన్‌బోర్డ్, అంటే బోర్డుకే టంకం వేసేశారు. కొన్నరోజు ఎంతో చివరిరోజూ అంతే. ఆ చిప్ చెడిపోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో దొరికే జవాబు 'బోర్డు మార్చాలి' అనే. మా ఇంట్లో ఒకదానికి ఇదే జరిగితే ఇచ్చిన కొటేషన్ కొత్త లాప్‌టాప్ ధరలో సగానికి దగ్గరగా ఉంది. కొన్నప్పుడు ఈ ముక్క ఎవరైనా చెప్పారా అంటే లేదు, బాక్సు మీద 8 జీబీ అన్నదొక్కటే పెద్దక్షరాల్లో ఉంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరగడంతో సమస్య ఇంకా ముదిరింది. ఏఐ డేటా సెంటర్లకు చిప్‌లు అమ్ముకోవడమే లాభమని మెమరీ చిప్‌లు చేసే మైక్రాన్ అయితే, మనం స్లాట్‌లో వేసుకునే క్రూషియల్ ర్యామ్ వ్యాపారాన్నే వదులుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. కాబట్టి తాహతు ఉంటే 16 జీబీతోనే కొనండి. లేకుంటే కనీసం స్లాట్ ఉన్నది కొనండి, ధరలు దిగినప్పుడు వేసుకోవచ్చు. 8 జీబీ ఆన్‌బోర్డ్, స్లాట్ లేదు అంటే మాత్రం ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వద్దు.

ఇవన్నీ కొనేముందు ఎలా తెలుస్తాయి? అన్‌బాక్సింగ్ వీడియోల్లో తెలియవు. వాళ్లు ఏసీ గదిలో కొన్నాళ్లు వాడి తిరిగి పంపేస్తారు. కంపెనీలే ఈ సమాచారమంతా బయట పెట్టాయి, మనమే చూడం. హెచ్‌పీ వాళ్ల మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్, డెల్ సర్వీస్ మాన్యువల్, లెనోవో హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ వాళ్ల సైట్లలోనే ఉచితంగా దొరుకుతాయి. మోడల్ పేరుతో వెతికి పీడీఎఫ్ తెరవండి. ఇంగ్లిష్ భయపడేంతగా ఏమీ ఉండదు, బొమ్మలు చూస్తే చాలు. కింది మూత మామూలు స్క్రూలతో వస్తుందా, బ్యాటరీ స్క్రూలతో ఉందా జిగురుతో ఉందా, విడిభాగాల జాబితాలో మెమరీ మాడ్యూల్ అని విడిగా ఉందా, కీబోర్డు ఒక్కటే దొరుకుతుందా లేక పై మూతతో కలిపా, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ రెండోది పెట్టడానికి చోటుందా. పావుగంట పని. మాన్యువలే దొరకని మోడల్ అయితే ఆ పావుగంట కూడా అక్కర్లేదు, జాబితాలోంచి కొట్టేయండి.

పీడీఎఫ్‌లతో పడలేమంటే ఇంకో దారి ఉంది. కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకి (చినాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లి కొత్తవి అమ్మే షాపు కాకుండా చిప్ లెవెల్ సర్వీస్ చేసే చిన్న షాపు దగ్గర నిలబడండి. బల్ల మీద ఏ మోడళ్లు విప్పి ఉన్నాయో, ఏ విడిభాగం రోజుల తరబడి దొరకడం లేదో అతనికి తెలిసినంతగా ఏ రివ్యూయర్‌కీ తెలియదు. కరీంనగర్‌లోనో కాకినాడలోనో ఉంటే మీ ఊరి రిపేర్ షాపతన్ని అడగండి. మీ పిల్లాడి కాలేజీ ఉన్న ఊళ్లో ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్ ఉందా, వారంటీ ఆన్‌సైటా, మనమే మోసుకెళ్లాలా అన్నదీ అక్కడే తేలిపోతుంది. అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లకు ఒక మాట: పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడు ఒక లాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, నిజమే. కానీ దాని వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో బావ విమానం ఎక్కకముందే రాతపూర్వకంగా చూసుకోండి.

నన్నడిగితే ఇంకో మాట కూడా చెబుతాను, చాలామంది తల్లిదండ్రులకు నచ్చదు. యాభై వేలు పెట్టి ప్లాస్టిక్ హింజ్‌తో కొత్తది కొనడం కంటే, కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ తరగతి లాప్‌టాప్ నమ్మకమైన చోట కొని బ్యాటరీ కొత్తది వేయించుకోవడం మేలు. వాటిని ఆఫీసుల కోసం, విప్పి బాగుచేయడం కోసం కట్టారు. విండోస్ 11 అధికారికంగా తీసుకునే తరం, ఇంటెల్‌లో అయితే 8వ తరం లేదా ఆపైది, అయితే చాలు. ఫంక్షన్‌లో చూపించుకోవడానికి పనికిరాదు, అంతే.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. సన్నగా, తేలిగ్గా, పది గంటల ఛార్జింగ్ రావాలంటే అంతా టంకం వేయక తప్పదంటారు. అలా టంకం వేసే ఎల్‌పీడీడీఆర్ రకం ర్యామ్ తక్కువ కరెంటు తాగుతుంది, ప్రాసెసర్‌కు దగ్గరగా ఉంటేనే దాని వేగం వస్తుంది, 2020 నాటి ఎమ్1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లు ఇప్పటికీ చక్కగా నడుస్తున్నాయి కదా అంటారు. అందులో నిజం ఉంది. అయితే అదే ఎల్‌పీడీడీఆర్ ర్యామ్‌ను స్క్రూలతో బిగించి, తీసి మార్చుకునేలా ఎల్‌పీక్యామ్2 మాడ్యూల్ వచ్చేసింది. 2024లోనే లెనోవో దాన్ని థింక్‌ప్యాడ్ పీ1లో పెట్టి అమ్మింది. కుదరదన్న మాట అక్కడితో పోయింది. ఇక మిగిలింది చేయాలన్న ఇష్టం.

ఆ ఇష్టం దానంతట అది పుట్టదు, పుట్టించాలి. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ లాప్‌టాప్ దీనికి మంచి సాక్ష్యం. వస్తువును ఎంత సులువుగా బాగుచేయొచ్చో చూసి మార్కులు వేసే ఐఫిక్సిట్ సంస్థ, 2017లో వచ్చిన మొదటిదాన్ని విప్పి చూసి పదికి సున్నా ఇచ్చింది, పాడుచేయకుండా తెరవడమే కుదరలేదు. 2024లో వచ్చిన ఏడో ఎడిషన్‌కు అదే సంస్థ ఎనిమిది ఇచ్చింది. అదే కంపెనీ, అదే పేరు. మధ్యలో మారిందేమిటంటే రిపేర్ హక్కు ఉద్యమం బలపడింది, వాటాదారులే కంపెనీని నిలదీశారు, చట్టాలు వస్తాయన్న టెన్షన్ మొదలైంది. ఫ్రాన్స్ అయితే 2021 జనవరి 1 నుంచి రిపేర్ స్కోరు తప్పనిసరి చేసింది. షాపులో ధర పక్కనే పదికి ఎంతో రాసి ఉంటుంది. మొదటి విడతలోనే ఫోన్లు, టీవీలు, వాషింగ్ మెషీన్లతో పాటు లాప్‌టాప్‌లనూ చేర్చారు.

మన దగ్గర? 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కమిటీ వేసింది, అదే ఏడాది చివర్లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. 2025 మేలో ఇంకో కమిటీ రిపేరబిలిటీ ఇండెక్స్ ఎలా ఉండాలో నివేదిక ఇచ్చింది. విప్పడం ఎంత సులువు, విడిభాగాలు దొరుకుతాయా, సమాచారం ఇస్తారా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎంతకాలం అన్నీ కొలవాలంది. మంచి నివేదికే. కానీ ముందుగా మొదలుపెట్టాల్సింది స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లతో అని చెప్పి లాప్‌టాప్‌ను వెనక్కి నెట్టింది. ఫోన్ కంటే ఎక్కువ ధర పెట్టి, ఎక్కువ ఏళ్లు వాడదామని, అప్పు చేసి మరీ కొనే వస్తువును పక్కన పెట్టడంలో తర్కమేమిటో నాకైతే అంతుపట్టలేదు. ఫ్రిజ్ మీద కరెంటు స్టార్లు చూసి కొనడం మన అమ్మలకు ఎవరూ క్లాసు పెట్టి నేర్పలేదు. స్టిక్కర్ అతికించారు, వాళ్లు చూడటం మొదలుపెట్టారు.

పైగా ఇది ప్రజల డబ్బుతో ముడిపడిన వ్యవహారం. లాప్‌టాప్‌లు ఇక్కడే తయారు చేయించడానికి 2023 మేలో కేంద్రం 17,000 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. ఎంత పెట్టుబడి పెట్టారు, అమ్మకాలు ఎంత పెరిగాయి అని లెక్కగట్టి కంపెనీలకు డబ్బిస్తారు. ప్రోత్సాహకం తీసుకునే ప్రతి మోడల్‌కూ సర్వీస్ మాన్యువల్ బయట పెట్టాలి, విడిభాగాలు బయటి మెకానిక్‌లకూ అమ్మాలి అని రెండు వాక్యాలు చేరిస్తే ఎవరికి నష్టం? 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సపోర్ట్ ఆగిపోయినప్పుడు, బోర్డు బాగున్నా స్క్రీన్ బాగున్నా పాత తరం చిప్ ఉందన్న కారణంతో ఎన్నో లాప్‌టాప్‌లు కొత్త విండోస్‌కు అనర్హంగానే మిగిలాయి. సాఫ్ట్‌వేర్ ఒక వైపు నుంచి, టంకం ఇంకో వైపు నుంచి వస్తువు ఆయుష్షు కోస్తుంటే, చివరికి మిగిలేది మన క్రెడిట్ కార్డు ఈఎమ్ఐ ఒక్కటే.

ఢిల్లీలో చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలు, యూనివర్సిటీలు, డిగ్రీ కాలేజీల ల్యాబ్‌లు కంప్యూటర్లను టెండర్ వేసే కొంటాయి. ఆ టెండర్ కాగితంలో ప్రాసెసర్ తరం, ర్యామ్ సైజు రాసే చోటే ఇంకో నాలుగు వరుసలు రాయొచ్చు: ర్యామ్, ఎస్‌ఎస్‌డీ తీసి మార్చుకునేలా ఉండాలి, బ్యాటరీ స్క్రూలతో ఉండాలి, కీబోర్డు విడిగా దొరకాలి, ఐదేళ్లపాటు విడిభాగాలు జిల్లా కేంద్రంలో అందుబాటులో ఉండాలి. వీటికి కొత్త జీవో కూడా అవసరం లేదు, టెండర్ రాసే అధికారి పెన్ను చాలు. వచ్చే విద్యా సంవత్సరం కొనుగోళ్ల నుంచే మొదలుపెట్టొచ్చు.