బావగారి బోర్బొరిగ్మస్

ఇంగ్లీషులో పనికొచ్చే మాటలు వేరు, ముద్దొచ్చే మాటలు వేరు. మొదటి రకాన్ని అందరూ వాడతారు. రెండవ రకాన్ని కొందరు ఏరి దాచుకుని, ప్రయోగించే అవకాశం ఎప్పుడు కలిసివస్తుందా అని కాచుకుని కూర్చుంటారు. చిక్కంతా అక్కడే ఉంది. మాట ఎంత అపురూపమైనదో, దానికి తగిన సందర్భం అంతకన్నా అపురూపం. మా అక్కయ్య భర్త, అంటే మా బావగారు, వృత్తిరీత్యా లెక్కలు సరిచూసే ఉద్యోగి అయినా ప్రవృత్తిరీత్యా ఇటువంటి మాటలకు బందీ.

డిఫెనెస్ట్రేషన్ సంగతే చూడండి. మనిషిని గానీ వస్తువును గానీ కిటికీలోంచి బయటికి విసిరివేయడమని దాని అర్థం. 1618 మే 23న ప్రాగ్ కోటలో ప్రొటెస్టెంట్ ప్రముఖులు కోపం పట్టలేక ఇద్దరు రాజప్రతినిధులను, వారితోపాటు పాపం వారి కార్యదర్శిని కూడా, కిటికీలోంచి కిందికి తోసివేశారు. ముగ్గురూ బతికి బయటపడ్డారు గానీ, ఆ గొడవ ముదిరి ముప్ఫై ఏళ్ళ యుద్ధానికి దారితీసింది. కార్యదర్శికి మాత్రం ఆ తరువాత హోహెన్‌ఫాల్ అనే బిరుదు దక్కింది. ఎంతో ఎత్తునుంచి పడినవాడని దాని భావం. ఇంత చరిత్ర ఉన్న మాటను వాడకుండా ఎన్నాళ్ళు ఓర్చుకోవడం? ఒకనాడు బావగారు తెగిపోయిన చెప్పును కిటికీలోంచి విసిరి, డిఫెనెస్ట్రేషన్ పూర్తయిందని గంభీరంగా ప్రకటించారు. “ఏమండీ, ఈసారి అందులోంచి వెళ్ళేది మీ డిక్షనరీ” అని అక్కయ్య అంతే గంభీరంగా బదులిచ్చింది. ప్రయోగాలు అక్కడితో ఆగాయి.

ఇటువంటి మాటల మీద జనానికి ఇంత మమకారం ఎందుకని అడిగితే, బావగారి దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. కొన్ని మాటలకు జన్మపత్రిక ఉంటుంది. అనుకోకుండా మేలైనది తటస్థపడడాన్ని తెలిపే సెరెండిపిటీ అనే మాటను ఇంగ్లీషు రచయిత హోరేస్ వాల్పోల్ 1754లో ఒక ఉత్తరంలో పుట్టించాడు. లంకకు పూర్వం ఉన్న సెరెండిప్ అనే పేరు దానికి ఆధారం. అయితే అది అందరి నోళ్ళలోనూ పడి పలచబడిపోయిందని ఆయన దానిని ఎప్పుడో వదిలేశారు. ఎండిన నేల మీద వాన పడినప్పుడు లేచే వాసనకు 1964లో ఆస్ట్రేలియాలోని ఇద్దరు శాస్త్రజ్ఞులు పెట్రికోర్ అని పేరు పెట్టారు. అందులో ఒక సగం గ్రీకు రాయి, మరొక సగం గ్రీకు దేవతల నరాలలో పారే ద్రవం. ఆ వాసనను మనం పుట్టినప్పటినుంచీ పీలుస్తూనే ఉన్నా, దానికి ఒక పేరుందని తెలిసిన రోజున ఏదో ఆస్తి కలిసొచ్చినట్టు ఉంటుందని ఆయన వాదన. నాకూ కాదనబుద్ధి కాదు.

మరికొన్నింటికి చప్పుడే సర్వస్వం. అమెరికా రాజకీయవేత్త మోరీ మావెరిక్ 1944లో సర్కారు కాగితాల భాషకు విసిగి, టర్కీ కోడి అరుపును తలచుకుంటూ గాబుల్డీగూక్ అనే మాట కట్టాడు. అర్థం తెలియనివారికి కూడా అది తిట్టని తెలిసిపోతుంది. ఒక వస్తువుకు విలువ లేదని తేల్చడాన్ని ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్ అంటారు. విలువలేని వస్తువు కోసం ఇంగ్లీషువారు 29 అక్షరాలు ఖర్చు పెట్టారు! అర్థమే లేని అక్షరాల కూర్పులను మనుషులకు చూపించి, ఏవి నవ్వు పుట్టిస్తాయో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారు పరిశోధించి 2015లో ప్రకటించారు. మామూలు మాటలలో అరుదుగా కనబడే అక్షరాలు ఎంత ఎక్కువగా చేరితే, ఆ కూర్పు జనానికి అంత నవ్వు తెప్పించిందట. అంటే మన నవ్వుకు అర్థంతో పెద్దగా పని లేదన్నమాట. బావగారి ఆఫీసులో జరిగింది కూడా ఇంచుమించు ఇదే, నవ్వు ఒక్కటే ఆలస్యంగా వచ్చింది.

ఒక సోమవారం ఉదయం ఆయన కడుపులో గుడగుడ మొదలైంది. మామూలు మనిషి అయితే దిగులుపడేవాడు. బావగారి ముఖం వెలిగింది. పేగులలో గాలీ ద్రవమూ కదిలినప్పుడు వచ్చే చప్పుడుకు బోర్బొరిగ్మస్ అనే గ్రీకు మూలపు మాట ఉంది. ఆ చప్పుడును అనుకరిస్తూ పుట్టిన మాట అది. “కడుపు బాగాలేదని రాస్తే చాలదుటండీ?” అని అక్కయ్య వారిస్తున్నా వినకుండా, తీవ్రమైన బోర్బొరిగ్మస్ కారణంగా ఈ రోజు రాలేకపోతున్నానని మేనేజరుగారికి మెసేజ్ పెట్టి, తృప్తిగా దుప్పటి కప్పుకున్నారు.

మేనేజరుగారికి ఆ మాట పలకడం రాలేదు. పలకడానికి రాని జబ్బు ప్రమాదకరమైనదే అయి ఉంటుందని ఆయన నిర్ణయించారు. చివర ఉన్న మస్ అనే శబ్దం అందరికీ ఏదో వైరస్‌ను గుర్తుచేసిందని, అర్థం వెతికి చూద్దామన్న ఆలోచన ఒక్కరికీ తట్టలేదని తరువాత తెలిసింది. పక్క కుర్చీలో కూర్చునే ఉద్యోగిని ఇంటికి పంపేశారు. ఆయన దగ్గుతూ, సంతోషంగా వెళ్ళాడు. కీబోర్డు మీద శానిటైజర్ ఎంత ధారాళంగా పోశారంటే, ఆ తరువాత అది ఏ అక్షరాన్నీ ముద్రించలేదు. అటెండరు చేతులకు రెండు జతల గ్లౌజులు తొడుక్కుని, బావగారి కుర్చీలోని మెత్తను రెండు వేళ్ళతో ఎత్తి, తలుపు దాకా మోసుకుపోయే ధైర్యం చాలక, దగ్గరున్న కిటికీలోంచి బయటికి విసిరేశాడు.

ఈ వార్త ఫోనులో విన్న బావగారు దిగ్గున లేచి కూర్చున్నారు. “కిటికీలోంచేనా? నువ్వు కళ్ళారా చూశావా?” అని అడిగి, ఔనని తెలిశాక, ఇన్నేళ్ళు ఎదురుచూసిన డిఫెనెస్ట్రేషన్ తాను లేనప్పుడే జరిగిపోయిందని తలపట్టుకున్నారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెస్తే తప్ప గుమ్మం తొక్కనివ్వమన్న హుకుం ఆయనను అంతగా బాధించలేదు.

డాక్టరుగారు పొట్ట మీద స్టెతస్కోపు ఆనించి, కాసేపు విని, ఇది మనుషులందరికీ ఉండేదేనని చెప్పి, సర్టిఫికెట్‌లో బోర్బొరిగ్మై సాధారణం అని రాశారు. బహువచనంలో మస్ కాస్తా మై అవుతుందని తెలుసుకున్న బావగారు ఫీజు చెల్లిస్తూ కృతజ్ఞతతో చేతులు జోడించారు.

మేనేజరుగారు ఆ కాగితాన్ని మొదట మనసులో, తరువాత పైకి, ఆ తరువాత మరికాస్త గట్టిగా చదివారు. అర్థం తెలిశాక కోపం రావలసిన చోట ఆయనకు నవ్వు వచ్చింది. కీబోర్డు ఖరీదు బావగారి జీతంలోంచి కోయించారు గానీ, ఆ వారం సమీక్షా సమావేశంలో లెక్కల విభాగం నుంచి వినిపిస్తున్న గొణుగుడును ఆయన బోర్బొరిగ్మై అని వర్ణించి, మరి రెండు సందర్భాలు తానే కల్పించుకుని, ఆ మాటను మళ్ళీ మళ్ళీ వాడారు.