ప్రతిదీ లైవ్‌లోనే కావలెను

వెబ్‌పేజీలు తెచ్చిపెట్టే హెచ్‌టీటీపీ పద్ధతిలో సర్వర్ కొత్త అల్లుడు. అడిగితే గానీ నోరు విప్పడు, అడిగినదానికి జవాబిచ్చి మళ్లీ మౌనం. ఏమైనా మారిందా, ఇప్పుడు మారిందా అని బ్రౌజరే పదేపదే అడగాలి. 2024 జూన్ 4న ఆంధ్రప్రదేశ్ ఓట్ల లెక్కింపు జరుగుతుంటే ఆ పని జనమే చేత్తో చేశారు, రిఫ్రెష్ నొక్కి నొక్కి.

ఈ అవస్థ తీర్చడానికే 2011 డిసెంబరులో వెబ్‌సాకెట్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 6455 అనే పత్రంగా వెలువడింది. బ్రౌజర్ మామూలుగానే వచ్చి అడుగుతుంది, సర్వర్ 101, అంటే ‘సరే, పద్ధతి మారుద్దాం’ అని జవాబిస్తుంది, ఆపైన ఎవరికి తోచినప్పుడు వాళ్లు మాట్లాడుకోవచ్చు. చాటింగ్‌కి, ఆన్‌లైన్ ఆటలకి భేషైన ఏర్పాటు. కనుక మన మేనేజర్లు దాన్ని హాజరు పట్టికకి వాడమన్నారు.

న్యాయమే. హాజరు లెక్క రాత్రి పదకొండింటికి ఒక్కసారి ఎక్సెల్ ఫైలుగా వచ్చిపడుతుంది. అయితేనేం, స్క్రీన్ మూలన పచ్చచుక్క, పక్కన ‘లైవ్’ అన్న మాట రోజంతా వెలగాలి కదా! చుక్క ఆరకూడదంటే లైను తెగకూడదు. బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్యలో కూర్చుని కబుర్లు చేరవేసే ఎన్‌జినెక్స్ అనే సాఫ్ట్‌వేర్‌కి మామూలుగా ఉండే ఓపిక 60 సెకన్లే. ఆలోగా సర్వర్ నుంచి ఏ కబురూ రాకపోతే కోసేస్తుంది. అందుకని సర్వర్ ముప్పై సెకన్లకోసారి ‘పింగ్’ అంటుంది, బ్రౌజర్ ‘పాంగ్’ అంటుంది. పగలంతా వాళ్ల సంభాషణ ఇంతే.

ఇక సర్వర్‌ని రీస్టార్ట్ చేసినప్పుడు చూడాలి. తెగిపోయిన బ్రౌజర్లన్నీ ఒక్కసారిగా ఎగబడతాయి, లేచిన సర్వర్ లేచినట్టే కూలబడుతుంది. ఒక్కొక్కరూ కాస్త వెనకా ముందుగా రండి అని కోడ్‌లో రాస్తే పోయేదే. కానీ లైవ్ వ్యవస్థలో ఆగడమంటే అపచారం.

సర్వర్ సెంట్ ఈవెంట్స్ అని ఇంకో పద్ధతి ఉంది. సర్వర్ చెబుతుంది, బ్రౌజర్ వింటుంది, అంతే. నడిచేది మామూలు హెచ్‌టీటీపీ మీదే. లైను తెగితే బ్రౌజరే మళ్లీ కలుపుకుంటుంది. కబుర్లకి నంబర్లు వేసి పంపితే ఎక్కడిదాకా విన్నదో కూడా చెబుతుంది. పాత హెచ్‌టీటీపీ 1.1 మీద మాత్రం బ్రౌజర్లు ఒక సైటుకి ఆరు కనెక్షన్లే ఇస్తాయి కాబట్టి ఏడో ట్యాబ్ గుడ్లప్పగించి చూస్తుంటుంది. అదలా ఉంచితే, అసలు ఇంత తేలిగ్గా అయిపోయే పనికి క్లయింట్‌కి బిల్లు ఎంతని వేస్తాం?

మొత్తానికి వెబ్‌సాకెట్ డాష్‌బోర్డ్ సిద్ధమైంది. సార్‌కి తెరిచి చూసే తీరిక లేదు. రోజూ పొద్దున్నే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నారు, పచ్చచుక్క కూడా కనబడేలా.